గ్యాస్ట్రిక్ బైపాస్ తర్వాత తినగానే దడ, చెమటలు: చారు కూడా నీళ్ల లెక్కే

ఇది డంపింగ్ సిండ్రోమ్ అయ్యుండొచ్చు. గ్యాస్ట్రిక్ బైపాస్ (బరువు తగ్గడానికి పొట్టను చిన్నది చేసి పేగుకు కలిపే ఆపరేషన్) అయి నాలుగు నెలలు, అన్నం తిన్న ఇరవై నిమిషాలకే దడ, చెమటలు, విరేచనం అన్నారు కదా. తిన్నది ఆ చిన్న పొట్టలో నిలవకుండా ఒక్కసారిగా పేగులోకి జారిపోతే ఇలాగే అవుతుంది.

"భోజనంతో నీళ్లు మానేశాను, అయినా తగ్గలేదు" అన్నారు. మరి చారు? మజ్జిగ? చాలామంది గమనించనిది ఇదే. గ్లాసు పక్కన పెట్టేస్తాం, కంచంలో మాత్రం అన్నం మునిగేలా చారు పోసుకుని జుర్రుతాం. నేనూ రెండు నెలలు అదే చేశాను. చారన్నం ఆపిన వారంలోనే నాకు దడ తగ్గింది.

1. ముందు గుడ్డు, చేప, పనీర్ లాంటివి తినండి. అన్నం చివర్లో, రెండు మూడు చెంచాలే, ముద్దపప్పుతోనో గడ్డ పెరుగుతోనో.
2. నీళ్లు, చారు, మజ్జిగ ఏదైనా సరే, తిన్న 30 నిమిషాల తర్వాతే. కొద్దికొద్దిగా తాగండి.
3. స్వీట్లు, జ్యూస్, కూల్‌డ్రింక్, చక్కెర వేసిన టీ ఆపేయండి.
4. బాగా నములుతూ, నిదానంగా తినండి. దడ మొదలైతే కాసేపు పడుకోండి.

తిన్న గంట నుంచి మూడు గంటల మధ్య వణుకు, కళ్లు తిరగడం వస్తుంటే మాత్రం షుగర్ పడిపోతుండొచ్చు. అప్పుడే గ్లూకోమీటర్‌తో చూసి, రాసుకుని, మీ సర్జన్‌కి చూపించండి. షుగర్ మాత్రలు ఇంకా వాడుతుంటే ఇవాళే ఫోన్ చేయండి.