రైలు దిగితే బస్సు అందాలంటే: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: రైల్వేస్టేషన్ ఎదురుగానే బస్టాండ్. అయినా రైలు కాస్త ఆలస్యమైతే దూరప్రాంతపు బస్సు ఖాళీ సీట్లతోనే వెళ్ళిపోతుంది. కాసేపు ఆపితే ఏం పోయింది?

జవాబు: ఎంతసేపు ఆపాలో ముందే రాసిపెట్టకపోతే, ఆపమని చెప్పేవాళ్ళే ఉండరు. రైలు ఎక్కడుందో డ్రైవరుకు తెలియదు. తెలిసినా అందులో తన బస్సు ఎక్కేవాళ్ళెందరో తెలియదు. రెండింటికీ కలిపి ఒకే టికెట్ ఇస్తే ఆ లెక్క ముందే చేతికొస్తుంది. అమెరికాలోని కాలిఫోర్నియాలో శాన్ జోక్విన్ లోయ గుండా ఉత్తరం నుంచి వచ్చే ఆమ్‌ట్రాక్ (అక్కడి ప్రయాణికుల రైలు సంస్థ) రైళ్ళు బేకర్స్‌ఫీల్డ్‌లోనే ఆగిపోతాయి. అక్కడినుంచి లాస్ ఏంజెలిస్‌కు అదే టికెట్ మీద బస్సెక్కుతారు.

గంటకో బస్సు ఉంటే 10 నిమిషాలు ఆపితే చాలు. అంతకు మించితే దారిలో ఎదురుచూసేవాళ్ళకు అన్యాయం. ఆ రోజుకి అదే చివరి బస్సైతే మాత్రం రైలు వచ్చేదాకా ఆపాలి. అయితే డ్రైవరు డ్యూటీ గంటలు దాటిపోతాయి కనుక బదులు డ్రైవరునో, టాక్సీ ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్నదో ముందే తేల్చుకోవాలి. రైలు, బస్సు సంస్థల మధ్య చాలా ఒప్పందాలు గొడవల్లో పడేది ఇక్కడే.

ప్రశ్న: మారడానికి ఎంత వ్యవధి ఇవ్వాలి? అటూ ఇటూ ఒకటేనా?

జవాబు: కాదు. రైలు దిగి బస్సెక్కడానికి 15 నిమిషాలు వేసుకోండి. సామానుతో నడక సెకనుకు మీటరు చొప్పున 300 మీటర్లకు 5 నిమిషాలు, ప్లాట్‌ఫాం మీద రద్దీ తగ్గడానికి 3, 4, డిక్కీలో పెట్టెలు సర్దడానికి ఇంకో 5. మెట్లుంటే ఇంకా ఎక్కువ.

బస్సు దిగి రైలెక్కేటప్పుడు ఇది చాలదు. బస్సు కోసం రైలును ఆపితే పట్టాల మీద దాని వంతు పోతుంది, వెనకొచ్చే రైళ్ళూ ఆగుతాయి. అందుకని ఆలస్యాల భారమంతా బస్సే భరించాలి. బస్సు ప్రయాణానికి సగటు సమయం వేస్తే దాదాపు సగం రోజులు రైలు తప్పుతుంది. 20 రోజుల్లో 19 రోజులు ఎంతలోపు చేరుతోందో చూసి ఆ సమయాన్నే వేయాలి. సగటు 2 గంటలై, ఆ 19 రోజుల లెక్క 2 గంటల 25 నిమిషాలైతే, టైంటేబుల్‌లో రాయాల్సింది రెండోదే. దాని మీద మారే వ్యవధి వేరు.

ప్రశ్న: స్విట్జర్లాండ్‌లో అన్నీ ఎలా కలుస్తాయి?

జవాబు: పెద్ద స్టేషన్లకు రైళ్ళు గడియారం గంట కొట్టే ముందు చేరి, కొట్టాక బయల్దేరతాయి. బస్సులూ ఆ సమయానికే అక్కడుంటాయి. ఇది సాగాలంటే రెండు స్టేషన్ల మధ్య ప్రయాణం గంటకు కాస్త లోపే ముగియాలి. జూరిక్–బెర్న్ ప్రయాణాన్ని 69 నిమిషాల నుంచి 56కు తగ్గించడానికే 2004 డిసెంబరులో కొత్త లైను తెరిచారు. రైలు టైంటేబుల్ మారిన రోజే బస్సుదీ మారాలి, ఒక్క వారం తేడా వచ్చినా అన్ని కలయికలూ తప్పుతాయి.