లయన్స్ ఆటగాళ్లలో ఎవరిని, ఏ రౌండులో? ముందు బంతి ఎవరి చేతికి వెళుతుందో చూడండి

మీరు అడిగింది ఇది: మిషిగన్‌కు వచ్చి ఏడాది అయింది, ఆఫీసులో పన్నెండు మంది కలిసి ఫ్యాంటసీ ఫుట్‌బాల్ లీగ్ (డ్రాఫ్టులో వంతుల వారీగా, రౌండుకు ఒకరు చొప్పున నిజం ఆటగాళ్లను ఎంచుకుని, మైదానంలో వాళ్లు చేసినదాన్ని బట్టి పాయింట్లు లెక్కేసుకునే ఆట) పెట్టారు, మీకు క్రికెట్ తప్ప మరో ఆట తెలియదు, టీవీలో ఇక్కడి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు డెట్రాయిట్ లయన్స్ ఆటలు మాత్రం కొన్ని చూశారు. కాబట్టి ఆ జట్టు వాళ్లనే నమ్ముకోవచ్చా, నమ్ముకుంటే ఎవరిని ఏ రౌండులో తీసుకోవాలి అని. ఈ జవాబు 2025 సీజన్‌కు ముందరిది, లెక్కలన్నీ అప్పటివే. ఉన్నమాట సూటిగా చెబుతాను. నేను పదేళ్లుగా డెట్రాయిట్ పక్కన కాంటన్‌లో ఉంటున్నాను. మూడు సీజన్లు ఈ ఆట ఆడాను. అందులో రెండు నా తెలివితక్కువతనం వల్లే పోయాయి.

మొదట ధర సంగతి. మన ఊళ్లో కాసిన మామిడి మన ఊళ్లో చవకగా దొరుకుతుంది. ఇక్కడ అది తలకిందులు. మిషిగన్‌లో జరిగే డ్రాఫ్టులో కూర్చున్న ప్రతివాడూ లయన్స్ అభిమానే. 2008లో ఆడిన 16 ఆటలూ ఓడిన జట్టు ఇది. 2024లో 17 ఆటల్లో 15 గెలిచి, ఎన్ఎఫ్ఎల్ అనే అసలు లీగ్ మొత్తంలో అందరికంటే ఎక్కువగా 564 పాయింట్లు చేసింది. ఇన్నేళ్లు ఎదురుచూసిన వాళ్లకు చెయ్యి ఆగుతుందా? ఓహాయోలోనో టెక్సస్‌లోనో అయిదో రౌండులో దొరికే లయన్స్ ఆటగాడు ఇక్కడ నాలుగో రౌండులోనే వెళ్లిపోతాడు. కాబట్టి మీ వంతు వచ్చినప్పుడు ‘లయన్స్ వాడు’ అన్న మాటకు విలువ సున్నా అనుకుని లెక్క వేయండి.

ఇక నా కథ. 2022లో నా మొదటి డ్రాఫ్ట్ వినాయక చవితి రోజు రాత్రి పడింది. ఒక చేతిలో ఉండ్రాళ్ల పళ్లెం, మరో చేతిలో ఫోను. రెండో రౌండులో డీఆండ్రే స్విఫ్ట్‌ను తీసుకున్నాను. లయన్స్ రన్నింగ్ బ్యాకుల్లో (బంతి పట్టుకుని పరుగెత్తేవాళ్లలో) పేరు ఉన్నది అతనికే, చూడడానికి ముచ్చటైన ఆట కూడా అతనిదే. మొదటి వారమే ఈగల్స్ మీద 144 గజాలు పరుగెత్తాడు. నేను మర్నాడు ఆఫీసుకు కాలర్ ఎత్తుకుని వెళ్లాను. ఆ తర్వాత గాయాలు మొదలయ్యాయి. అంతకంటే బాధ పెట్టింది మరొకటి: స్విఫ్ట్ బంతిని మైదానం అంతా మోసుకుని ఎండ్ జోన్ గీత (బంతితో దాన్ని దాటితేనే టచ్‌డౌన్) దగ్గరకు తెచ్చేవాడు, అక్కడ అతన్ని పక్కకు పిలిచి జమాల్ విలియమ్స్‌ను పంపేవారు. విలియమ్స్ ఒక గజం తోసుకుని వెళ్లి టచ్‌డౌన్ చేసేవాడు. ఫ్యాంటసీ లెక్కలో గజానికి పదో వంతు పాయింటు, టచ్‌డౌన్‌కు ఆరు. పెళ్లి వంటంతా ఒకరు చేస్తే వడ్డించి పేరు తెచ్చుకున్నది మరొకరు. ఆ సీజన్‌లో విలియమ్స్ పరుగెత్తి చేసిన టచ్‌డౌన్లు 17. అంతకుముందు లయన్స్‌లో ఆ రికార్డు 16తో బ్యారీ శాండర్స్‌ది. చవితి చంద్రుణ్ణి చూశానేమో అని మా అమ్మ ఫోనులో నవ్వింది.

మరుసటి ఏడాది నాకు బుద్ధి వచ్చిందనుకున్నాను. రాలేదు. 2023లో విలియమ్స్ న్యూ ఆర్లీన్స్ సెయింట్స్‌కు వెళ్లాడు. అక్కడి ముఖ్యమైన రన్నింగ్ బ్యాక్ ఆల్విన్ కమారా మీద మొదటి మూడు ఆటలకు నిషేధం ఉంది. 17 టచ్‌డౌన్ల మనిషి, పైగా పోటీ లేదు! అందరికంటే ముందు ఎగబడి తీసుకున్నాను. రెండో వారంలోనే గాయపడ్డాడు. తిరిగి వచ్చాక కూడా ఏమంత జరగలేదు. ఆ సీజన్ మొత్తానికి అతను చేసినది ఒకే ఒక్క టచ్‌డౌన్. అదే సమయంలో డెట్రాయిట్‌లో అతను ఖాళీ చేసిన కుర్చీలో డేవిడ్ మాంట్‌గోమరీ వచ్చి కూర్చుని 13 చేశాడు.

అప్పుడు అర్థమైంది, నేను మనిషిని కొన్నాను గానీ కుర్చీని కొనలేదని. గీత దగ్గర బంతి అందుకునే ఆ పని, ముందు నిలబడి దారి చేసే లైన్ ఆటగాళ్లు, ఆ ఎత్తులు వేసే కోచ్ – ఇవన్నీ డెట్రాయిట్‌లోనే ఉండిపోయాయి. అప్పటినుంచి ఏ జట్టునైనా చూసేటప్పుడు పోయిన ఏడాది పాయింట్ల పట్టికను అన్నిటికంటే ఆఖరున చూస్తాను. ముందు చూసేది రెండే: ఈ మనిషి చేతికి ఆటకు ఎన్నిసార్లు బంతి వస్తుంది, మైదానంలో ఏ చోట వస్తుంది.

ఆ కళ్లతో లయన్స్‌ను చూద్దాం. రన్నింగ్ బ్యాక్ జమీర్ గిబ్స్ గురించి మీకు ఎవరూ చెప్పనక్కరలేదు. 2024లో 1,412 గజాలు పరుగెత్తాడు, 52 క్యాచ్‌లు పట్టాడు, మొత్తం 20 టచ్‌డౌన్లు. మొదటి రౌండులో మొదటి నాలుగైదు స్థానాల్లోనే వెళ్లిపోతాడు. మీ వంతు అక్కడ ఉంటే కళ్లు మూసుకుని తీసుకోండి. ఒక్క విషయం మాత్రం గుర్తుంచుకోండి: ఆ ఏడాది చివరి మూడు ఆటల్లో మాంట్‌గోమరీ మోకాలి గాయంతో లేడు, బంతి అంతా గిబ్స్‌కే వచ్చింది. వైకింగ్స్ మీద చివరి ఆటలో ఒక్కడే నాలుగు టచ్‌డౌన్లు చేశాడు. ఇద్దరూ ఉన్నప్పుడు అంత రాదు.

నాకు ఇష్టమైన బేరం మాత్రం ఆ రెండోవాడే. వీళ్ల జోడీని ఇక్కడ వీడియో గేమ్ పాత్రల పేరుతో సోనిక్, నకల్స్ అని పిలిచేవారు. సోనిక్ గిబ్స్, నకల్స్ మాంట్‌గోమరీ. 2024లో 14 ఆటలే ఆడి 775 గజాలు, 12 టచ్‌డౌన్లు. క్యాచ్‌కు ఒక పాయింటు ఇచ్చే లీగ్ లెక్కలో సుమారు 220 పాయింట్లు. ‘రెండోవాడు కదా’ అని జనం అతన్ని కొన్ని రౌండ్లపాటు వదిలేస్తారు. 2024లో నేను అతన్ని అయిదో రౌండులో తీసుకున్నాను, గాయపడే దాకా నా జట్టులో ప్రతి వారం కదలకుండా ఉన్న ఏకైక మనిషి అతనే. పైగా గిబ్స్‌కు గాయమైతే పని మొత్తం అతనికే వస్తుంది. అయితే ఒకే జట్టులో గిబ్స్‌నూ మాంట్‌గోమరీనీ ఇద్దరినీ పెట్టుకోకండి. ఒకడి టచ్‌డౌన్ చూసి సంతోషించే లోపే అది రెండోవాడి వాటాలోంచి పోయిందని గుర్తొస్తుంది.

రిసీవర్ (పాస్‌లు పట్టేవాడు) అమాన్-రా సెయింట్ బ్రౌన్ దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే నేను చెప్పే పద్ధతికి అతనే కొలబద్ద. 2021లో నిజం జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే అసలు డ్రాఫ్టులో, నాలుగో రౌండులో, 112వ స్థానంలో లయన్స్‌కు దొరికాడు. తనకంటే ముందు ఎంపికైన 16 మంది రిసీవర్ల పేర్లు ఇప్పటికీ వరుసగా అప్పజెబుతాడు. అతని క్యాచ్‌లు ఏడాది వారీగా చూడండి: 90, 106, 119, 115. టచ్‌డౌన్లు 5, 6, 10, 12. టచ్‌డౌన్లు ఎటు పోయినా క్యాచ్‌ల వరుస కదలలేదు. నమ్మకం అంటే అదే. దీనికి మరో ఉదాహరణ కూడా ఈ జట్టులోనే ఉంది. ఇక్కడే పుట్టి పెరిగిన మా ఆఫీసు పెద్దాయన ఒకాయన పదే పదే చెబుతుంటాడు: 2012లో లయన్స్ రిసీవర్ కాల్విన్ జాన్సన్ 1,964 గజాలతో లీగ్ రికార్డు సృష్టించాడు, అయినా టచ్‌డౌన్లు అయిదే. ‘ఇతనికి టచ్‌డౌన్ రాదు’ అని మరుసటి ఏడాది వదిలేసినవాళ్లు 2013లో అతను 12 చేస్తుంటే చేతులు నలుపుకున్నారట. బంతి అన్నిసార్లు వస్తున్నవాడికి టచ్‌డౌన్లు ఒక ఏడాది తగ్గవచ్చు, మళ్లీ వస్తాయి. సెయింట్ బ్రౌన్ కూడా మొదటి రౌండు మనిషే. గిబ్స్ వెళ్లిపోయాక మీ వంతు వస్తే సందేహించకండి.

శామ్ లపోర్టా విషయంలో నేను మూడో తప్పు చేశాను. 2023లో అతను పట్టిన 86 క్యాచ్‌లు కొత్తగా లీగ్‌లోకి వచ్చిన టైట్ ఎండ్‌లలో (దారి చేయడం, పాస్‌లు పట్టడం రెండూ చేసేవాళ్లలో) అప్పటికి రికార్డు. పది టచ్‌డౌన్లు కూడా చేశాడు. ఆ మురిపెంతో 2024లో మూడో రౌండు ఖర్చు పెట్టాను. క్యాచ్‌లు 60కి పడిపోయాయి. అతని ఆట పాడైందేమీ లేదు. గారెల గిన్నె ఒకటే, పీట మీద కొత్తగా మరొకరు వచ్చి కూర్చున్నారు. ఆ కొత్త మనిషి రిసీవర్ జేమ్సన్ విలియమ్స్ (పైన చెప్పిన జమాల్ కాదు). విసిగిపోయి థాంక్స్‌గివింగ్ రోజు లపోర్టాను పక్కన కూర్చోబెట్టాను. ఆ రోజు లయన్స్ ఆట ఇక్కడ ఇంటింటా పండుగ సంప్రదాయం. మా ఇంటినిండా చుట్టాలు, టీవీలో బేర్స్ మీద లపోర్టా రెండు టచ్‌డౌన్లు. అందరూ చప్పట్లు కొడుతున్నారు, నేను వంటింట్లోకి వెళ్లిపోయాను. ఈసారి ధర తగ్గి అయిదారు రౌండ్ల దగ్గర దొరికితే మళ్లీ తీసుకుంటాను. మూడో రౌండులో మాత్రం చచ్చినా తీసుకోను.

జేమ్సన్ విలియమ్స్ 2024లో 58 క్యాచ్‌లకే 1,001 గజాలు సాధించాడు. క్యాచ్‌కు 17 గజాల పైమాట. దీని అర్థం ఒక వారం ఇరవై పాయింట్లు, మరో వారం నాలుగు. అలాంటివాడిని మూడో రిసీవర్‌గా పెట్టుకుంటే మజా, మొదటి రిసీవర్‌గా పెట్టుకుంటే రక్తపోటు. రెండు వేర్వేరు సీజన్లలో నిషేధం వల్ల ఆటలు పోగొట్టుకున్నాడన్నది కూడా లెక్కలో వేసుకోండి.

క్వార్టర్‌బ్యాక్ (పాస్‌లు విసిరేవాడు) జారెడ్ గాఫ్ నిజ జీవితంలో జట్టుకు ప్రాణం. 2024లో 4,629 గజాలు, 37 టచ్‌డౌన్లు. సీహాక్స్ మీద 18 పాస్‌లు విసిరితే 18కి 18 చేరాయి. అయినా ఫ్యాంటసీలో అతన్ని తొందరపడి తీసుకోవద్దంటాను, కారణం కాళ్లు. చాలా లీగుల్లో పాస్ టచ్‌డౌన్‌కు నాలుగే పాయింట్లు, 25 గజాలకు ఒక పాయింటు. పరుగుకు పది గజాలకే ఒక పాయింటు. అదే ఏడాది మరో జట్టు క్వార్టర్‌బ్యాక్ లామార్ జాక్సన్ 915 గజాలు పరుగెత్తాడు, అంటే చేతితో ఏమీ చేయకముందే 91 పాయింట్లు. గాఫ్‌కు ఆ దారి లేదు. తొమ్మిది, పది రౌండ్ల దాకా ఉంటే తీసుకుని, పైకప్పు ఉన్న స్టేడియాల్లో ఆడే వారాల్లో ఆడించండి. ఫోర్డ్ ఫీల్డ్ అలాంటిదే. డిసెంబరు చలిగాలిలో బయట ఆడే ఆటలకు మరొకరిని చూసుకోండి.

కిక్కర్ జేక్ బేట్స్ ఒకప్పుడు ఇటుకలు అమ్మేవాడు, 2024లో 29 ప్రయత్నాల్లో 26 ఫీల్డ్ గోల్స్ (బంతిని కాలితో తన్ని గోల్ స్తంభాల మధ్యకు పంపడం) వేశాడు. ముచ్చటైన కథే. కానీ కోచ్ డాన్ క్యాంప్‌బెల్ ఆఖరిదైన నాలుగో ప్రయత్నంలో కూడా కిక్కర్‌ను పంపకుండా ముందుకు దూకే రకం, కాబట్టి అవకాశాలు తగ్గుతాయి. కిక్కర్ ఎవరైనా చివరి రౌండే. డిఫెన్స్ (ఎదుటి జట్టును ఆపే దళం) కూడా అంతే. 2024లో అయిదో ఆటలో డిఫెన్స్ ఆటగాడు ఎయిడన్ హచిన్సన్ కాలు విరిగాక ఆ డిఫెన్స్ ఎంత మారిపోయిందో ఇక్కడ అందరం చూశాం.

ఇప్పుడు నన్ను నిజంగా ఆలోచింపజేస్తున్నది వేరే. 2024 దాకా మూడేళ్లు ఈ ఎత్తులన్నీ వేసిన కోచ్ బెన్ జాన్సన్ 2025లో షికాగో బేర్స్ హెడ్ కోచ్‌గా వెళ్లిపోయాడు. 2025కు ఆ స్థానంలో జాన్ మార్టన్ వచ్చాడు. ఇంతకుముందు ఈ జట్టులో పనిచేసినవాడే కాబట్టి పూర్తిగా కొత్త కాదు. దారి చేసే లైన్‌లో నడిమి స్తంభం లాంటి ఫ్రాంక్ రాగ్నో 2025 జూన్‌లో రిటైరయ్యాడు, గార్డ్ కెవిన్ జైట్లర్ టెన్నెసీ టైటన్స్‌కు వెళ్లాడు. వీళ్లలో ఎవరికీ ఫ్యాంటసీలో ఒక్క పాయింటు రాదు, కానీ నేను ఇందాక చెప్పిన కుర్చీ కాళ్లు వీళ్లే. ఆ లైన్‌లోనే పెనే సూవెల్ ఉన్నాడు కాబట్టి కుర్చీ కూలిపోదు. 564 పాయింట్లు మళ్లీ వస్తాయని మాత్రం లెక్క వేయకండి. కొంత తగ్గుతుందనుకుంటే ఆ దెబ్బ సెయింట్ బ్రౌన్ లాంటి క్యాచ్‌ల మనిషికి తక్కువ తగులుతుంది. గీత దగ్గరి టచ్‌డౌన్ల మీద బతికే మాంట్‌గోమరీకి ఎక్కువ తగులుతుంది. అందుకే పోయినసారి అయిదులో తీసుకున్నవాడిని ఈసారి ఆరులో దొరికితేనే తీసుకుంటాను.

ఒకే జట్టు నుంచి ఇద్దరు, మహా అయితే ముగ్గురు. 2025లో ఎనిమిదో వారం లయన్స్‌కు ఆట లేదు. అయిదుగురిని పెట్టుకుంటే ఆ వారం మీ జట్టులో బల్లలు మాత్రమే ఆడతాయి. నేనైతే సెయింట్ బ్రౌన్, దొరికితే మాంట్‌గోమరీ, చివర్లో గాఫ్‌తో ఆగుతాను.

మీ లీగ్‌లో క్యాచ్‌కు పూర్తి పాయింటా, అర పాయింటా, అసలు లేదా? డ్రాఫ్టులో మీ వంతు ఎన్నోది? ఆ రెండూ చెబితే మొదటి మూడు రౌండ్లకు పేర్లతో సహా రాసి పెడతాను. క్యాచ్‌కు పాయింటు లేకపోతే సెయింట్ బ్రౌన్ గురించి పైన చెప్పిన ధర కొంచెం దిగుతుంది, మాంట్‌గోమరీది ఎక్కుతుంది.