సుభద్ర తమ్ముడికి తాత పేరు పెట్టాలా?

ప్రశ్న: మాది కల్వకుర్తి దగ్గర పల్లె. పాపకు ఆరేళ్లు. మా నాయనమ్మ పేరే సుభద్ర అని పెట్టుకున్నాం. పదకొండు రోజుల కింద మహబూబ్‌నగర్ దవాఖానలో బాబు పుట్టాడు. అక్కకు తగ్గట్టు పాతకాలం పేరే పెట్టాలని నాకూ మా ఆయనకూ ఉంది. మా మామ పేరు మల్లయ్య. అదే పెడతామంటే ఆయనే ‘నా పేరొద్దు బిడ్డా’ అంటున్నారు. ఆడబిడ్డేమో అర్జున్ అని పెట్టమంటోంది. అయ్యగారు పుబ్బ రెండో పాదం, ‘టా’ అక్షరం అన్నారు. ఇరవై ఒకటో రోజు తొట్టెల. ఏం చేయాలి?

జవాబు: ముందు అర్జున్‌ను పక్కన పెట్టండమ్మా. పేరు మంచిదే, కానీ సుభద్ర భర్త అర్జునుడు. అక్కాతమ్ముళ్లకు ఆ రెండు పేర్లుంటే ఎవరో ఒకరు అననే అంటారు. అభిమన్యు కూడా కుదరదు, అది కొడుకు పేరు. పురాణాల్లోంచి పేరు తీసుకునేటప్పుడు అక్షరం కన్నా ముందు వరస చూడాలి. సుభద్ర తోబుట్టువులు బలరాముడు, కృష్ణుడు. బలరాం, కిష్టయ్య, గోపాల్, ఏదైనా నప్పుతుంది. వాళ్లు సుభద్రకు అన్నలు కదా, మీవాడు తమ్ముడు కదా అన్న పట్టింపు అక్కర్లేదు.

అక్షరం పెద్ద చిక్కు కాదు. పుబ్బ నాలుగు పాదాలకు మో, టా, టీ, టూ. ‘టా’తో పిలవదగ్గ పేరు దొరకడం కష్టం. జన్మనామం చెవిలో చెప్పి, పిలిచే పేరు వేరుగా పెట్టుకునే ఇళ్లు ఎన్నో. కొందరు అదే రాశి అక్షరంతో సరిపెడతారు. పుబ్బది సింహరాశి. మఖది కూడా అదే, దాని అక్షరాలు మా, మీ, మూ, మే. అంటే మల్లయ్యకూ దారి ఉంది. రాశి అక్షరం వాడొచ్చా అని అయ్యగారిని నేరుగా అడగండి.

అసలు ఆలోచించాల్సింది మీ మామ మాట గురించి. మన దిక్కు ఆ తరం మగవాళ్లలో చాలామందిని పూర్తి పేరుతో పిలిచినవాళ్లే తక్కువ. కాగితంలో మల్లయ్య, దొర గడీ ముందు ‘మల్లిగా’. వెంకయ్య ఎంకడయ్యాడు, లింగయ్య లింగడయ్యాడు. తాత వయసు మనిషినీ దొర ఇంటి పిల్లలు అట్లే పిలిచేవాళ్లు. ఆ పిలుపు మోసినవాళ్లకు తమ పేరు మనవడికి పెడతామంటే గౌరవంగా తోచకపోవచ్చు, గాయం కదిలినట్టుండొచ్చు. లేదా అది ఉత్త మొహమాటం కావచ్చు. బతికున్నవాళ్ల పేరు పెట్టొద్దన్న నమ్మకమూ కావచ్చు.

ఏదో తెలియాలంటే మీ ఆయన ఒక్కరే, చుట్టాలెవరూ లేనప్పుడు, మీ మామ పక్కన కూర్చోవాలి. పెట్టమంటావా వద్దా అని అడిగితే మళ్లీ వద్దనే అంటారు. ‘నాయినా, నీకు ఈ పేరు ఎవరు పెట్టిండ్రు? చిన్నప్పుడు ఎట్ల పిలిచేటోళ్లు?’ అని అడగండి. చెప్పనివ్వండి, మధ్యలో అందుకోకండి.

మొహమాటమే అయితే తొట్టెల నాడు బాబు చెవిలో పేరు ఆయన చేతనే చెప్పించండి. నమ్మకమైతే వాదించకండి. నొప్పి అయితే అసలే బలవంతం చేయొద్దు. అప్పుడు మల్లికార్జున గురించి ఆలోచించవచ్చు. తాత పేరు వెనకున్న శ్రీశైలం మల్లన్నే అందులోనూ ఉన్నాడు, అర్జున అన్న మాట అక్కడ శివుడిదే. ఇంట్లో మాత్రం దాన్ని అర్జున్ అని తుంచొద్దు, మళ్లీ మొదటికొస్తుంది.

ఇంకొక మాట మీకు. మామ పేరున్న కొడుకును ఆయన ఎదుటే ‘మల్లయ్యా, ఇటు రా’ అని పిలవగలరా? కోపమొస్తే తిట్టగలరా? చాలా ఇళ్లలో కోడలి నోరు రాక పిల్లవాడు ‘చిన్నయ్య’ అయిపోతాడు, అసలు పేరు హాజరు పట్టీలోనే మిగులుతుంది. మీకు అట్లే అవుతుందనిపిస్తే బలరాం మేలు. సుభద్ర పక్కన అంతే బరువుగా నిలుస్తుంది. ‘సుభద్రా, బలరాం, అన్నానికి రండి’ అని రెండు రోజులు పిలిచి చూడండి. తమ్ముడిది మరీ కొత్త మోజు పేరైతే, రేపు పాప ‘నాకొక్కదానికే ముసలి పేరెందుకు’ అని అడుగుతుంది. ఆమెను సుబ్బు అని, వాణ్ని నిండు పేరుతో పిలిచినా అదే బాధ.

పేరు తేలాక ఆడబిడ్డకు ముందుగా చెప్పి, తొట్టెలలో వేసి మొదట పిలిచే పని ఆమెకే ఇవ్వండి. ఆమె మాట కాదన్నారన్న లోటు చాలావరకు తీరుతుంది.

తొట్టెల నాటికి తేలకపోయినా కంగారు పడకండి. పుట్టుక నమోదుకు గడువు 21 రోజులు, కానీ పేరు లేకుండానే నమోదవుతుంది. నమోదైన నాటి నుంచి ఏడాదిలోపు పేరు రుసుము లేకుండా చేర్చుకోవచ్చు, ఆ తర్వాత 15 ఏళ్ల వరకు ఆలస్య రుసుముతో. పుట్టింది మహబూబ్‌నగర్‌లో కాబట్టి నమోదు అక్కడే, మీ పంచాయతీలో కాదు. ఒకసారి రాయించాక మార్చడమే కష్టం. 2023 అక్టోబర్ 1 నుంచి పుట్టిన పిల్లలకు బడికి, ఆధార్‌కు, పాస్‌పోర్టుకు పుట్టిన తేదీ రుజువు ఆ సర్టిఫికెటే. అక్క సర్టిఫికెట్ చేతికి తీసుకెళ్లండి. అందులో ఇంటిపేరు ముందుందో వెనకుందో, పొట్టి అక్షరమో పూర్తిగా ఉందో చూసి, తమ్ముడికీ అట్లే రాయించండి. ఇంగ్లిష్ అక్షరాలు ముందే కాగితం మీద రాసుకుని ఇవ్వండి. నోటితో చెబితే రాసేవాళ్లు తమకు తోచినట్టు రాస్తారు.