పీహెచ్‌డీ పూర్తికావస్తోంది, ఉద్యోగం లేదు. వైద్య పరిశోధనకు నిధులు ఎవరిస్తారు?

నేనైతే ముందు ఇండియా అలయన్స్‌ను చూడమంటాను. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం, బ్రిటన్‌కు చెందిన వెల్‌కమ్ ట్రస్టు కలిసి 2008లో మొదలుపెట్టిన ఈ సంస్థ కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) ప్రాజెక్టు గ్రాంట్లకు సాధారణంగా ఏదో ఒక సంస్థలో శాశ్వత ఉద్యోగం ఉండాలి. ఇక్కడ తొలి దశ ఫెలోషిప్‌కు ఆ చిక్కు లేదు. జీతంతో పాటు పరిశోధన ఖర్చులూ వస్తాయి. భారత పౌరులే కానక్కరలేదు, పని మాత్రం భారత్‌లోనే చేయాలి. వైద్యులకు వేరే విభాగం ఉంది.

పోటీ గట్టిదే. దరఖాస్తులో చాలామంది తడబడేది పరిశోధన ప్రశ్న దగ్గర. ‘క్షయపై అధ్యయనం’ అంటే ఎవరూ కదలరు. ‘క్షయ చికిత్స పూర్తిచేసిన మధుమేహ రోగుల్లో అది ఎందుకు తిరగబెడుతోంది’ అని రాస్తే చదివేవారు ఒక్క క్షణం ఆగుతారు.