పై పెదవి తిమ్మిరెక్కుతోంది... ట్రంపెట్ మానేయాలా?

ప్రశ్న: నా వయసు 36. మాది గోదావరి జిల్లా. పదహారేళ్లుగా పెళ్లిళ్ల బ్యాండులో ట్రంపెట్ వాయిస్తున్నాను. ముహూర్తాల రోజుల్లో పగలు ఒక ఊరేగింపు, రాత్రి ఇంకో ఊళ్లో మరొకటి. రెండు నెలలుగా గంటసేపు వాయించేసరికి పై పెదవి వాచి తిమ్మిరెక్కుతోంది. పై స్వరాలు పలకడం లేదు. మొన్న ఎండలో పాట చివర ఒక పై స్వరం లాగుతుంటే కళ్లు చీకట్లు కమ్మాయి. పక్కన డ్రమ్ము వాయించే అతను పట్టుకోకపోతే పడిపోయేవాణ్ని. ఇంటికొచ్చాక చెవుల్లో గుయ్‌మంటోంది. పెదవి గట్టిపడాలంటే ఖైనీ పెట్టుకోమని ఒకాయన చెప్పారు. ఈ పని మానేయాల్సిందేనా?

జవాబు: మానేయక్కర్లేదు. కానీ ఒక పది రోజులు ట్రంపెట్‌ను పెట్టెలోంచి బయటికి తీయకండి. సీజన్‌లో పది రోజులంటే ఇంట్లో ఎంత ఇబ్బందో నాకు తెలుసు. అయినా అడుగుతున్నాను. ఇప్పుడు ఆగితే పది రోజులతో పోతుంది, ఇలాగే లాగితే నెలలు పడుతుంది.

మీ పెదవికి ఏమవుతోందో ముందు చెబుతాను. ట్రంపెట్‌లో పలికేది మీ పెదవులే. అవి అదిరితేనే నాదం, ఆ ఇత్తడి గొట్టం దాన్ని పెద్దది చేస్తుంది, అంతే. పెదవి అలిసిపోయాక పై స్వరం రాదు. అప్పుడు మీకు తెలియకుండానే చేతులు ట్రంపెట్‌ను మూతికేసి నొక్కుతాయి. ఒక పక్క పళ్లు, ఇంకో పక్క మౌత్‌పీస్ (పెదవికి ఆనించి ఊదే ముక్క) అంచు, మధ్యలో పెదవి. అడకత్తెరలో పోకచెక్కే. రక్తం ఆడక తిమ్మిరి పడుతుంది, తర్వాత వాపు వస్తుంది. వాచిన పెదవి సరిగా అదరదు. స్వరం రాలేదని మీరు ఇంకా నొక్కుతారు.

పోయిన వేసవిలో మీలాంటి కళాకారుడే ఒకరు మా క్లినిక్‌కి వచ్చారు. వచ్చి కూర్చుని అరగంటయినా పై పెదవి మీద గుండ్రటి గాడి అలాగే ఉంది. కుడివైపు మరీ లోతుగా ఉంది. మౌత్‌పీస్ చూపించమంటే చొక్కా జేబులోంచి తీశారు. దాని అంచు మీద వెండి పూత ఒక పక్క పూర్తిగా అరిగి, లోపలి ఇత్తడి పచ్చగా కనిపిస్తోంది. నోరు తెరిపించి చూస్తే కుడివైపు ముందు పన్ను అంచు కాస్త విరిగి పదునుగా ఉంది. ఏళ్ల తరబడి పెదవి ఆ పంటి మీదే నలుగుతోంది. పళ్ల డాక్టర్ పది నిమిషాల్లో ఆ అంచు నున్నగా చేశారు. కొత్త మౌత్‌పీస్ కొనుక్కున్నారు. పూత పోయిన లోహం కొందరి చర్మానికి పడదు, దురద, పొక్కులు వస్తాయి. మీరు కూడా ఒకసారి అద్దం ముందు నిలబడి పెదవి లోపలివైపు తిప్పి చూసుకోండి. అక్కడ తెల్లగా మందం కట్టిందా, పుండు ఉందా అన్నది ముఖ్యం.

ఈ పది రోజుల్లో మొదటి రెండు మూడు రోజులు ఐసు ముక్కను శుభ్రమైన గుడ్డలో చుట్టి, పూటకు పది నిమిషాలు పెదవి మీద పెట్టండి. నొప్పి మాత్ర వేసుకుని, మొద్దుబారే జెల్ రాసుకుని వాయించేవాళ్లను చూశాను. దయచేసి ఆ పని చేయకండి. ఇక ఆపమని పెదవి చెప్పేది ఆ నొప్పితోనే. పదకొండో రోజు నుంచి కింది స్వరాలు మాత్రమే, మెల్లగా, అయిదు నిమిషాలు. మళ్లీ అయిదు నిమిషాలు విశ్రాంతి. ఎంతసేపు వాయిస్తే అంతసేపు ఆపడం, ఈ ఒక్క లెక్క తప్పకండి. వారం తర్వాత కొంచెం కొంచెంగా పైకి వెళ్లండి.

నొక్కే అలవాటు తగ్గడానికి ఒక చిట్కా ఉంది. కుడిచేతి చిటికెన వేలిని పెట్టుకునే కొక్కెం ఉంటుంది కదా, సాధన చేసేటప్పుడు వేలిని అందులోంచి తీసి పైన ఆనించండి. మనం ట్రంపెట్‌ను మూతికేసి లాగేది చాలావరకు ఆ వేలితోనే. వేలు తీశాక ఏ స్వరాలు పోయాయో, అవి మీరు ఊపిరితో కాక బలంతో పలికిస్తున్న స్వరాలు. బుగ్గలు పూరీల్లా పొంగించే అలవాటు ఉంటే అదీ తగ్గించుకోండి. మూతి మూలలు వదులైపోయి, బరువంతా పెదవి మధ్యలో పడుతుంది.

ఇది మీ ఒక్కరి కష్టం కాదు. అమెరికా జాజ్ దిగ్గజం లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ కూడా పెదవి దెబ్బతిని నెలల తరబడి వాయించలేకపోయారు. ఆయన ముద్దుపేరు శాచ్మో. ట్రంపెట్ వాయించేవారిలో పెదవి చుట్టూ ఉండే కండరం చిట్లిపోవడాన్ని 1982లో ఒక స్పెయిన్ సర్జన్ ‘శాచ్మో సిండ్రోమ్’ అని ఆయన పేరుతోనే వైద్య పత్రికలో రాశారు. చిట్లితే ఆపరేషన్‌తో కుట్టవచ్చు. మీ లక్షణాలను బట్టి మీరు అంతదాకా వెళ్లలేదనే అనుకుంటున్నాను, కానీ చూడకుండా ఖాయంగా చెప్పను.

కళ్లు చీకట్లు కమ్మడం గురించి. పై స్వరం పట్టి గుక్క తిప్పుకోకుండా లాగుతున్నప్పుడు ఛాతీలో ఒత్తిడి బాగా పెరుగుతుంది. గుండెకు తిరిగి వచ్చే రక్తం ఆ కాసేపు తగ్గుతుంది, మెదడుకూ తగ్గుతుంది. దానికి ఎండ, ఖాళీ కడుపు, నీళ్లు తాగకపోవడం తోడైతే పడిపోతారు. ఊరేగింపుకి గంట ముందు రెండు ఇడ్లీలో, కాస్త పెరుగన్నమో తినండి. పెళ్లి భోజనం మాత్రం వాయించాకే. నిండు కడుపు మీద ఊపిరి దిగదు. మజ్జిగ సీసా జెనరేటర్ బండిలో పెట్టుకోండి. తల తిరిగినట్టయితే పరువు చూసుకోకుండా వెంటనే కూర్చోండి. పడితే ట్రంపెట్‌తో ముందు దెబ్బ తగిలేది పళ్లకే. ఒకసారి బీపీ, షుగర్, ఈసీజీ చేయించుకోండి. గుండెల్లో నొప్పి వస్తే ఆ రోజే ఆస్పత్రికి వెళ్లండి. ఇంట్లో ఎవరికైనా గ్లకోమా (నీటికాసులు) ఉంటే కళ్ల డాక్టర్‌కి మీ పనేమిటో చెప్పండి. గట్టిగా ఊదేటప్పుడు కంటిలో ఒత్తిడి కూడా పెరుగుతుంది.

ఇక ఖైనీ. ఈ మాట చెప్పినాయన మీకు మేలు చేయాలనే చెప్పి ఉండొచ్చు, కానీ ఇది ప్రాణం తీసే సలహా. ఖైనీ పెదవిని గట్టిపరచదు, లోపలి పొరను పాడుచేస్తుంది. వక్క కలిసిన గుట్కా అయితే బుగ్గలు తోలులా బిగుసుకుపోయి నోరు తెరుచుకోదు. రెండూ నోటి క్యాన్సర్‌కి దారి తీస్తాయి. నోటితో బతికే మనిషి నోట్లో వాటిని పెట్టుకోకూడదు. మీ బ్యాండులో కుర్రాళ్లు ఎవరైనా తింటుంటే వాళ్లకీ చెప్పండి.

చెవుల సంగతి: 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు 8 గంటలకు మించి వినకూడదంటారు. శబ్దం 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగమవుతుంది. 100 దగ్గర మిగిలేది పావుగంటే. ట్రంపెట్, డ్రమ్ము, వెనక డీజే బాక్సులు కలిస్తే అంతకు మించే ఉంటుంది. మెడికల్ షాపులో మెత్తటి ఇయర్ ప్లగ్స్ తక్కువ ధరకే దొరుకుతాయి. మొదట్లో మీ ట్రంపెట్ మీకే మందంగా వినిపిస్తుంది, వారంలో అలవాటవుతుంది. గుయ్‌మనే శబ్దం పోలేదు కాబట్టి వినికిడి పరీక్ష చేయించుకోండి.

మౌత్‌పీస్ ఒకరిది ఒకరు వాడకండి. పెదవి మీద వచ్చే నీటి పొక్కులు అలా ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటాయి. గోరువెచ్చని సబ్బునీళ్లతో, సన్నని బ్రష్‌తో రోజూ కడగండి. గొట్టాన్ని కూడా వారానికోసారి కడిగి ఆరబెట్టండి. లోపల తడిలో బూజు పెరిగితే ఆ గాలే ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. ట్రంపెట్‌లోంచి కారేదంతా ఉమ్మే అని పిల్లలు నవ్వుతుంటారు. అది చాలావరకు ఊపిరిలోని ఆవిరి చల్లబడిన నీరు. పిల్లలంటే గుర్తొచ్చింది. సన్నాయి మేళం ముందు నిలబడి చింతకాయ చప్పరించే అల్లరి మా ఊళ్లోనూ ఉండేది. పాపం, వాయించేవారి నోరు ఊరిపోయి పాట తడబడేది, మేం పడీపడీ నవ్వేవాళ్లం. మీ ముందు ఎవరైనా ఆ పని చేస్తే కళ్లు మూసుకుని వాయించండి, చూడకపోతే కొంత నయం.

పది రోజుల విశ్రాంతి తర్వాత కూడా తిమ్మిరి ఉన్నా, పై పెదవిలో ఒకచోట చిన్న గుంట తగిలినా, గాలి ఎప్పుడూ అక్కడినుంచే జారిపోతున్నా, ఊదేటప్పుడు చెవి కిందో మెడ పక్కనో ఉబ్బుతున్నా, నోట్లో పుండు మూడు వారాలు మానకపోయినా ఈఎన్‌టీ డాక్టర్‌ని కలవండి. జిల్లా ప్రభుత్వ ఆస్పత్రిలోనూ ఉంటారు. వెళ్లేటప్పుడు మౌత్‌పీస్ జేబులో వేసుకుని వెళ్లండి.