ఆపరేషన్‌కు ముందు బీపీ మాత్ర ఆపేశారా?

ప్రశ్న: మాది ఒడిశా రాయగడ జిల్లా గుణుపురం. మా నాన్నకు 62 ఏళ్లు. పెద్దపేగులో క్యాన్సర్ గడ్డ ఉందని, మూడు వారాల్లో విశాఖలో ఆపరేషన్ చేస్తామని చెప్పారు. ఫిట్‌గా ఉంటే వేగస్ నరం బలపడి త్వరగా కోలుకుంటారని వీడియోలో విన్నాం. నాన్న పల్స్ 56 ఉండేది. మంచిదేనా? రెండు నెలలు వాయిదా వేసి వ్యాయామం చేయించాలా? చాలా ఏళ్లుగా బీపీకి అటెనోలాల్ వాడేవారు, బాగానే ఉందని పది రోజుల క్రితం ఆపేశారు. చుట్ట అలవాటుంది.

జవాబు: ముందు ఆ మాత్ర సంగతి. అటెనోలాల్ గుండె వేగాన్ని తగ్గిస్తుంది. ఆ 56 మాత్ర వల్లే కావచ్చు, ఫిట్‌నెస్ అనుకోకండి. ఏళ్లుగా వాడిన ఈ మందును ఒక్కసారిగా మానేస్తే గుండెదడ, బీపీ పెరగడం, గుండెజబ్బు ఉన్నవారికి గుండెపోటు కూడా రావచ్చు. అలాగని పాత డోసు మీరే మొదలుపెట్టకండి. ఈరోజే బీపీ, పల్స్ చూపించి, మందు రాసిన డాక్టరును అడగండి. ఛాతీనొప్పి, ఆయాసం ఉంటే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. బాగానే ఉందని మాత్రలు మానేసేవారు నా దగ్గరికి తరచూ వస్తుంటారు. మాత్ర వేసుకున్నారు కాబట్టే బాగుందండీ!

వేగస్ నరం మాట నిజమే. మెదడు కింది భాగం నుంచి గుండె, పేగుల దాకా వెళ్లి గుండెను నిదానపరుస్తుంది, ఒంట్లో వాపు ప్రక్రియ అదుపు తప్పకుండా చూడటంలోనూ దానికి పాత్ర ఉంది. పెద్ద ఆపరేషన్ తర్వాత కావలసింది అదే. 2017లో లండన్ పరిశోధకులు ఎలుకల్లో ఈ నరానికి మూలమైన కణాలను పనిచేయకుండా చేస్తే వాటి పరుగెత్తే శక్తి తగ్గింది. అంటే వ్యాయామం వల్ల నరం బాగుపడటమే కాదు, నరం బాగుంటేనే ఒంటికి శ్రమించే శక్తి. మనుషుల్లో ఇంకా తేలాల్సింది చాలా ఉంది. నడక ఆపిన నిమిషంలో పల్స్ 12 కన్నా ఎక్కువ తగ్గాలంటారు గానీ, ఈ మాత్ర వాడేవారిలో ఆ లెక్కను నమ్ముకోలేం.

దీనికోసం క్యాన్సర్ ఆపరేషన్ మీ అంతట మీరు వాయిదా వేయడం మాత్రం వద్దు. బీపీ, గుండె పరిస్థితి చూసి డాక్టరు సరేనంటే ఈ మూడు వారాలూ మాట్లాడగలిగేంత వేగంతో రోజూ నడిపించండి, కుర్చీలోంచి లేచి కూర్చోవడం చేయించండి. చుట్ట ఈరోజే మాన్పించండి. మలంలో రక్తం పోతుంటే హిమోగ్లోబిన్ చూపించాలి. మత్తు డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు మందుల చీటీలన్నీ పట్టుకెళ్లి, అటెనోలాల్ ఎన్నాళ్లు ఆపారో దాచకుండా చెప్పండి.