తప్పు 1099-ఆర్ చూసి అప్పు చేయకండి

ప్రశ్న: టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాను. వయసు 38, హెచ్-1బి మీద పని చేస్తున్నాను. గత ఏడాది ఉద్యోగం మారినప్పుడు పాత 401కె (కంపెనీ రిటైర్మెంట్ ఖాతా)లోని 48,000 డాలర్లను ఐఆర్‌ఏకి (నా సొంత రిటైర్మెంట్ ఖాతాకి) రోలోవర్ చేశాను, అంటే బదిలీ చేశాను. చెక్కు ఇంటికొస్తే అదే చెక్కును ఐఆర్‌ఏ కంపెనీకి పంపాను. ఇప్పుడు 1099-ఆర్‌లో (రిటైర్మెంట్ ఖాతా నుంచి వెళ్లిన డబ్బును చూపే పన్ను ఫారంలో) మొత్తం ట్యాక్సబుల్, కోడ్ 1 (ముందస్తు విత్‌డ్రాయల్) అని వచ్చింది. సాఫ్ట్‌వేర్ 15,360 డాలర్లు అదనంగా కట్టమంటోంది. చేతిలో 3,000 ఉన్నాయి. క్రెడిట్ కార్డుతోనో, ఐఆర్‌ఏలోంచి తీసో ముందు కట్టేసి తర్వాత సవరించుకోవచ్చా?

జవాబు: ఐఆర్‌ఏ మీద చెయ్యి వేయకండి. మీరు చెప్పినదాన్ని బట్టి ఇప్పటికి తప్పు ఫారంలోనే ఉన్నట్టుంది. మీరు డబ్బు తీశారంటే వచ్చే ఏడాది కోడ్ 1తో ఇంకో ఫారం వస్తుంది, అది మాత్రం నిజమైనది. దాని మీద పన్ను, 10 శాతం పెనాల్టీ రెండూ తప్పవు. ఇక కార్డు: 20 శాతం పైబడిన వడ్డీకి అప్పు చేసి, బాకీ లేని పన్ను కడతారా? భయంతో ఇలా కట్టేసి నెలల తరబడి రిఫండ్ కోసం ఎదురుచూసేవాళ్లను చూస్తూనే ఉన్నాను. అందుకే మీ ఉత్తరానికి జవాబు రాస్తున్నాను.

ముందు ఫారం నిజంగా తప్పో కాదో తేల్చుకోండి. బాక్స్ 4 చూడండి. అక్కడ 20 శాతం పన్ను పట్టుకున్నట్టు ఉంటే డబ్బు మీకే ఇచ్చారని అర్థం. అప్పుడు కోడ్ 1 సరైనదే కావచ్చు, 60 రోజుల్లో ఐఆర్‌ఏలో వేశారా లేదా అన్నది వేరే లెక్క. అక్కడ సున్నా ఉండి, చెక్కు ఐఆర్‌ఏ కంపెనీ పేరున, మీ లబ్ధి కోసమని రాసి ఉంటే అది డైరెక్ట్ రోలోవరే, అంటే ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకి నేరుగా జరిగిన బదిలీయే. పోస్టులో మీ ఇంటికి వచ్చినంత మాత్రాన విత్‌డ్రాయల్ అయిపోదు. ఫారంలో డైరెక్ట్ రోలోవర్‌కి వాడే కోడ్ జి పడాలి, ట్యాక్సబుల్ సున్నా ఉండాలి.

పాత ఆఫీసు హెచ్‌ఆర్‌ని వదిలేసి, ఫారం పంపిన సంస్థకే (పాత 401కె ప్లాన్ నడిపేవాళ్లకే) రాతపూర్వకంగా అడగండి. చెక్కు కాపీ, ఐఆర్‌ఏ స్టేట్‌మెంట్ జత చేయండి. ఎవరితో ఏ తేదీన మాట్లాడారో రాసుకోండి. ఫిబ్రవరి నెలాఖరుకీ సవరించిన ఫారం రాకపోతే ఐఆర్‌ఎస్‌కి (అమెరికా పన్నుల శాఖకి) ఫోన్ చేయండి, వాళ్లు ఆ సంస్థను అడుగుతారు. అయినా రాకపోతే ఫారం 4852 (సరైన 1099-ఆర్‌కి బదులుగా మీరే నింపేది) జత చేసి రిటర్న్ వేయండి. సరిచేయించడానికి మీరేం ప్రయత్నించారో అందులో అడుగుతారు, ఆ తేదీలు అక్కడ పనికొస్తాయి. ఫారం తప్పు కదా అని రిటర్న్‌లో అసలు చూపకుండా మాత్రం ఉండకండి. దాని కాపీ ఐఆర్‌ఎస్ దగ్గరా ఉంటుంది, లెక్క కలవకపోతే సీపీ2000 నోటీసు వస్తుంది. టైమ్ చాలకపోతే ఫారం 4868తో అక్టోబర్ 15 దాకా గడువు దొరుకుతుంది, వేరే పన్ను బాకీ ఉంటే మాత్రం ఏప్రిల్ 15కే కట్టాలి.

నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఫారం కాదు, ఆ 3,000 డాలర్లు. ఒక్క తప్పు కాగితం వస్తేనే రిటైర్మెంట్ డబ్బు తీద్దామనుకున్నారు. హెచ్-1బి మీద ఉద్యోగం పోతే మీకు దొరికేది గరిష్ఠంగా 60 రోజులు. ఆ రోజుల్లో అద్దె, కారు ఈఎంఐ, హెల్త్ ఇన్సూరెన్స్, అవసరమైతే ఇంటిల్లిపాదికీ ఇండియా టికెట్లు ఎక్కడి నుంచి వస్తాయి? కంపెనీ మ్యాచ్ (మీరు వేసినదానికి కంపెనీ కలిపే డబ్బు) వచ్చేంత వరకే 401కెలో వేసి, మిగిలింది సేవింగ్స్ ఖాతాకి మళ్లించండి. ఆరు నెలల ఖర్చు చేరేదాకా షేర్లు, హైదరాబాద్‌లో ప్లాటు మాట పక్కన పెట్టండి. ఈ ఏడాది రిఫండ్ వస్తే అదీ ఆ ఖాతాలోకే వెళ్లాలి.